పేరంటపల్లి దగ్గర మూడు మునకలు

ఆ రోజు ఇంట్లో ఐదుగురం ఉన్నాం. కింద బాపు, అమ్మ, నేను. పైన కిరాయికుండే జ్ఞానప్రసూనాంబ మామ్మగారు, వాళ్ల కోడలు సంయుక్త అక్క.

మామ్మగారి కొడుకు భార్గవ్ అన్న శంషాబాద్ ఎయిర్‌పోర్టులో డ్యూటీకి వెళ్లాడు.

మామ్మగారు మేడ మెట్ల మీద కూర్చుని కుడి కంటిని చెంగుతో అదిమి పట్టుకున్నారు. చెంగు తీసినప్పుడు చూశాను. కన్ను ఎర్రగా వాచిపోయింది. రెప్పల మధ్య పసుపుపచ్చని చీము.

"దుమ్ము పడిందమ్మా," అన్నారు నేను అడగకముందే.

దుమ్ము కాదని ఆ ఇంట్లో మా ఇద్దరికే తెలుసు.

మొన్ననే పాపికొండలు చూసి వచ్చాం. టికెట్లు తీసుకున్నాక మామ్మగారికి శుక్లం ఆపరేషన్ అయింది. ప్రయాణం చేయొచ్చని, నల్లద్దాలు తీయొద్దని డాక్టరు చెప్పాడు. తలస్నానం మాత్రం నెల దాకా వద్దన్నాడు. కంట్లోకి నీళ్లు పోతే చూపు దక్కదన్నాడు.

మామ్మగారి చేయి పట్టుకుని నడిపించడానికి నన్ను తీసుకెళ్లారు.

"మీ పిల్ల నోట్లోంచి మాట రాదు. మా అత్తయ్యగారు ఆపకుండా మాట్లాడతారు. ఇద్దరికీ బాగా కుదురుతుంది," అని సంయుక్త అక్క నవ్వింది.

బాపు వద్దన్నాడు. అమ్మ ఒప్పించింది.

పడవంటే చిన్నదనుకున్నాను. రెండంతస్తుల లాంచీ. మైకులో పాటలు, వేడి ఉప్మా. కొండలు రెండు వైపుల నుంచీ దగ్గరికి జరిగి వస్తుంటే అందరూ లేచి ఫోటోలు తీసుకున్నారు.

మామ్మగారు కొండలు చూడలేదు. నీళ్లే చూశారు.

గండి పోచమ్మ గుడి దగ్గర లాంచీ ఆపారు. జనం ఎక్కువగా ఉన్నారు. మామ్మగారు రేవు దాకా వచ్చి, అటూ ఇటూ చూసి, మళ్లీ ఎక్కేశారు.

తర్వాత పేరంటపల్లిలో ఆపారు. అందరూ పైనున్న శివాలయానికి నడిచారు. మామ్మగారు మోకాళ్ల నొప్పి అన్నారు. నాతో ఒడ్డునే ఉండిపోయారు.

వాళ్లు చెట్ల చాటుకు వెళ్లగానే నల్లద్దాలు తీసి నా చేతిలో పెట్టారు.

"వద్దు మామ్మగారూ. డాక్టర్ సాబ్ చెప్పిండు కదా."

"మా ఆయన్ని రాజమండ్రిలో కలిపారే. ఆడవాళ్లు రాకూడదని నన్ను ఇంట్లోనే ఉంచేశారు. ఇక్కడి నీళ్లు అక్కడికే కదా పోతాయి."

"జర కాళ్లు కడుక్కోన్రి. సాలు."

"గోదారి దాకా వచ్చి కాళ్లు కడుక్కుని పోతే ఆయన నవ్వరూ?"

నడుము లోతుకు దిగారు. ఒకసారి మునిగారు. రెండోసారి మునిగారు.

మూడోసారి లేవడం ఆలస్యమైంది.

నేను చెప్పులతోనే నీళ్లలోకి పరుగెత్తి జబ్బ పట్టుకున్నాను. లేచారు. ముఖం మీద ఉన్నవి నది నీళ్లో, ఆవిడ కన్నీళ్లో తెలియలేదు.

"ఎవరికీ చెప్పకు, నా తల్లివి కదూ. తెలిస్తే మళ్లీ నన్ను గడప దాటనివ్వరు. ఒట్టెయ్యి."

వేశాను.

తువ్వాలు తలకు చుట్టుకున్నారు. ఒడ్డున కాలు జారి నీళ్లలో కూలబడ్డానని, తల తడవలేదని అందరికీ చెప్పారు. సంయుక్త అక్క నా వైపు చూసింది.

నేను తల ఊపాను.

ఇప్పుడు మెట్ల మీద మామ్మగారు బాగున్న కంటిని అరచేత్తో మూసుకుని, వాచిన కంటితో నన్ను చూశారు.

"నీ మొహం పొగలా ఉందే పూర్ణిమా," అన్నారు మెల్లగా. "రేపటికి సర్దుకుంటుందిలే."

నేను కిందికి వచ్చి బాపుకు అంతా చెప్పాను.

బాపు బీడీ ఆర్పేశాడు. "నీకేం పనే? ముందే ఆంధ్రోళ్లు, తెలంగాణోళ్లని లొల్లి నడుస్తున్నది. ఆమెకు కన్ను పోతే మన పిల్లనే నీళ్లల్ల దింపిందంటరు. నోర్మూసుకొని కూసో."

"కన్ను పోతది బాపూ."

"పోతే పోనీ. నువ్వు పైకి పోకు."

అమ్మ నన్ను చూసింది. బాపును చూసింది. చాట తీసుకుని వంటింట్లోకి పోయింది.

నేను పైకి పోయాను.

మామ్మగారు అప్పటికి మంచం మీద పడుకున్నారు. సంయుక్త అక్క కంట్లో చుక్కలు వేస్తోంది.

"అక్కా, దుమ్ము కాదు." నా గొంతు నాకే వినబడలేదు. మళ్లీ అన్నాను. "దుమ్ము కాదు. మామ్మగారు తాతగారి కోసమని గోదాట్ల మునిగిన్రు. తలంతా మునిగింది."

"అబద్ధం!" మామ్మగారు లేచి కూర్చున్నారు. "దీనికి మతి పోయిందా? నేను మునగడమేంటి?"

సంయుక్త అక్క చేతిలో చుక్కల సీసా అలాగే ఉంది.

"ఏడాదిగా చూస్తున్నాను అత్తయ్యా. అడిగినా మాట్లాడని పిల్ల. అడక్కుండా వచ్చి అబద్ధం చెబుతుందా?"

మామ్మగారు గోడ వైపు తిరిగి పడుకున్నారు.

అక్క ఫోన్ తీసింది.

భార్గవ్ అన్న తోటి ఉద్యోగి కారు అడిగి తీసుకొచ్చాడు. కన్ను చూసి గోడకు ఆనుకుని నిలబడిపోయాడు.

"నాన్న కోసం కన్ను పోగొట్టుకుంటావా అమ్మా? ఇంక నీ యాత్రలు చాలు. ఇల్లు కదలొద్దు."

ఆసుపత్రికి బయల్దేరి మెట్లు దిగేటప్పుడు నేను మామ్మగారి చేయి పట్టుకున్నాను. విడిపించుకున్నారు. గోడ తడుముకుంటూ దిగారు.

బాపు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. నన్ను పిలవలేదు.

అన్న, అక్క ముందు సీట్ల వైపు వెళ్లారు. అన్న స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. మామ్మగారు వెనక సీటులో కూర్చున్నారు. ఆవిడ పక్కన చాలా చోటుంది.

"నేను గూడ వస్త మామ్మగారూ. చెయ్యి పట్టుకుంట," అని లోపలికి వంగాను.

బాగున్న కంటితో నన్ను చూశారు.

డోరు ఆవిడే వేసుకున్నారు.