రొయ్య కాపలా

"సార్, జర ఆగుండ్రి."

వాచ్‌మన్ ఓంకార్ గేటుకు అడ్డం నిలబడ్డాడు.

మెడలో ఐడీ కార్డు, ఒంటి మీద ఇస్త్రీ చొక్కా ఉన్న ఆ మనిషి భుజాన వేలాడుతున్నది కిరణ్మయి ల్యాప్‌టాప్ బ్యాగు. కాఫీ మెషీన్ పక్కన పెట్టి ఇటు తిరిగేలోగా మాయమైంది.

వెనకే పరుగెత్తుకొచ్చిన కిరణ్మయికి పోయిన ప్రాణం లేచొచ్చింది. హైటెక్ సిటీలో, అదీ తొమ్మిదో అంతస్తులో రొయ్యలేమిటని అందరూ నవ్వే ల్యాబ్ ఆమెది. ఇంకో పది నిమిషాల్లో రొయ్యల రైతులకు చెప్పాల్సిందంతా ఆ బ్యాగులోనే ఉంది. వాళ్లు ప్రయోగానికి చెరువులిస్తేనే రెండేళ్ల కష్టం నిలబడేది.

"ఎలా కనిపెట్టావు ఓంకార్?"

"సొంత బ్యాగును ఎవ్వలు గంత భద్రంగ పట్టుకోరు మేడమ్."

దొరికినవాణ్ణి తన కుర్చీలోనే కూర్చోబెట్టాడు. "కూసో తమ్మీ. ముందుగాల చాయ్ తాగు."

దొంగకు ఇదేం మర్యాదో ఆమెకు అర్థం కాలేదు.

పైన హాల్లో మొదటి స్లైడుకే మధు అనే రైతు చెయ్యెత్తాడు.

"మనలాగా టీకా వేస్తే గుర్తుపెట్టుకునే ఒళ్లు కాదు కదండీ రొయ్యది. మరి వైరస్‌ను ఎలా పోల్చుకుంటుందండీ?"

ఇంగ్లీషు మాటలన్నీ నాలుక చివరే ఉన్నాయి. తెలుగు మాట ఒక్కటీ తోచలేదు.

అప్పుడు ఓంకార్ గుర్తొచ్చాడు.

"కొన్ని రొయ్యల ఒంట్లో వాచ్‌మన్ ఉంటాడండీ. ఎప్పుడో లోపల దూరిన వైరస్ తాలూకు చిన్న ముక్క వాటిలో ఉండిపోతుంది. ఆ వైరస్ మళ్లీ వస్తే ఈ ముక్కే ఆనవాలు పట్టిస్తుంది. రొయ్య ఆ వైరస్‌ను తుంపులు తుంపులు చేసేస్తుంది. ఆ ముక్క పిల్లలకూ వస్తుంది. అలాంటి రొయ్యల్నే ఏరి పెంచి చూద్దామంటున్నాను."

"ఇంత తేలికా అండీ!" మధు పగలబడి నవ్వాడు. "నా రెండు చెరువులూ రాసుకోండి."

హాలంతా చప్పట్లు.

గాల్లో తేలుతూ బయటికొచ్చిన కిరణ్మయికి డైరెక్టర్ సుబ్రహ్మణ్యం ఎదురయ్యాడు.

"గొప్పంతా ఓంకార్‌దేనండీ! దొంగను ఇట్టే ఎలా పసిగడతాడో!"

ఆయన కిటికీలోంచి గేటు వైపు చూశాడు. కింద ఓంకార్ ఆ మనిషికి రెండో చాయ్ పోస్తున్నాడు.

"పన్నెండేళ్ల కిందట నా బ్యాగు భుజాన వేసుకుని అదే గేటు దాటబోయాడమ్మా ఓంకార్," అన్నాడు నవ్వుతూ. "ఆ రోజు టీ పోసింది నేను."