లోపలి దారి

“ఈసారైనా వెనకుండు తల్లీ. ఆఖరి రెండు చుట్ల దాకా ఎవరో ఒకరి వెనక నక్కు. ఎదురుగాలి వాళ్ళు కోస్తారు, నీ బలం నీకు మిగులుతుంది.”

మంచు మీద జారే స్కేట్ల తాళ్ళు బిగిస్తూ హేరిన్ తల ఊపింది. ఆ ఊపు నామ్‌గుంగ్ మాస్టారికి కొత్త కాదు. పదేళ్ళుగా అలాగే ఊపుతోంది. తుపాకీ పేలగానే అందరికంటే ముందుకు దూకుతోంది. ప్రపంచ విజేత అయింది కాబట్టి చెల్లింది. ఇప్పుడు కాళ్ళు మునుపటిలా లేవు. ఒలింపిక్స్ జట్టు ఎంపికకు ఇదే చివరి పరుగు.

“మీ మాట వింటుందా మాస్టారూ?” అంది అదే పరుగుకు పక్కనే సిద్ధమవుతున్న సోయూల్, జట్టులో అందరికంటే చిన్నది. “నేను తనతో ఒకే గదిలో ఉంటాను, పొద్దున చెయ్యూపినా చూడనట్టే పోతుంది. భోజనం దగ్గర పక్కన కూర్చుంటే లేచి అటు పక్కకి మారుతుంది. మహారాణి!”

తుపాకీ పేలింది. హేరిన్ ముందుకు దూకింది.

“మొండి ఘటం!” మాస్టారు తల పట్టుకున్నారు.

లోపలి అంచును అంటిపెట్టుకుని, ఎవరికీ సందివ్వకుండా పరిగెత్తింది. ఆఖరి మలుపులో కాళ్ళు అలిసి కాస్త బయటికి జారింది. అదే అదనుగా సోయూల్ లోపలి పక్కన, ఎడమవైపు సందులోకి దూరింది. భుజం పక్కన భుజం. అప్పుడు హేరిన్, అక్కడ ఎవరూ లేనట్టే, మళ్ళీ లోపలికి వాలింది.

ఇద్దరూ గోడ మెత్తలకు గుద్దుకున్నారు. సోయూల్ భుజం ఎముక విరిగింది. హేరిన్‌ను పోటీ నుంచి తీసేశారు. గాంగ్‌నంగ్ మైదానమంతా ఛీకొట్టింది.

“కావాలనే గుద్దావా?” మాస్టారు నిలదీశారు.

“లేదు.”

“మరి?”

“చూళ్ళేదు.”

“పక్కనున్న మనిషిని చూళ్ళేదా! అబద్ధమైనా అతికేట్టు చెప్పవే!”

మాస్టారికి ఏమీ అంతుపట్టలేదు. ఇన్నేళ్ళలో ఎవరినీ మోచేత్తోనైనా తోయని పిల్ల.

మర్నాడు హేరిన్ వేడి ఎముకల చారు పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది. మాస్టారు అప్పటికే అక్కడున్నారు.

“ఎందుకొచ్చావక్కా? రెండో భుజం మిగిలిందనా?”

“తప్పు నాదే. జట్టులో నీ చోటు ఉంచమని స్కేటింగ్ సంఘం వాళ్ళను అడిగాను. నేను ఆట మానేస్తున్నాను.”

సోయూల్ తెల్లబోయింది. గొంతు తగ్గింది. “నాకేం అర్థం కావట్లేదు. పరుగులో అంత పొగరేంటి, ఇప్పుడు ఈ చారేంటి? పదేళ్ళు ఒక్కరినైనా లోపలి వైపు ఎందుకు రానివ్వలేదు?”

“పొగరు కాదు. భయం.”

“ప్రపంచ విజేతవి. నీకు భయమా?”

“చెబితే జట్టులోకి తీసుకోరని ఎవరికీ చెప్పలేదు.” హేరిన్ మాస్టారి వైపు చూసి తల దించుకుంది.

“ఏంటక్కా అది?”

“నాకు పుట్టినప్పట్నుంచీ ఎడమ కన్ను కనిపించదు.”