పోనీలే బటన్

మూడోసారి కూడా మేనేజర్ పెదవి విరిస్తే ఫీచర్ చేతులు మారుతుంది. ఎనిమిది నెలల చాకిరీ పక్క టీమ్ ఒళ్లో పడుతుంది. ఆ మాట విన్నప్పటి నుంచి డిజైనర్‌కు తిండి సయించడం లేదు.

ఖర్చుల లెక్కలు రాసుకునే యాప్‌లో ఆ ఫీచర్ చిన్నదే. కలిసి ఉండే స్నేహితులు నెల మొదట్లోనే ఉమ్మడి ఖర్చులకు బడ్జెట్ వేసుకుంటారు. ఎవరి వాటా ఎంతో యాప్ చెబుతుంది. వాటా దాటితే గుర్తుచేస్తుంది. మొదటిసారి చూసి మేనేజర్, "ఇది స్నేహితుల కోసమా, కోర్టు కోసమా?" అన్నాడు. రంగులన్నీ మార్చి మళ్లీ చూపిస్తే, "కోర్టుకు సున్నం వేశారు," అన్నాడు.

"శుక్రవారం వరకే టైము. నిజమైన స్నేహితులతో వాడించండి. స్క్రీనూ మాటలూ రికార్డు చేసి పంపండి, చాలు. మొహాలు అక్కర్లేదు."

నిజమైన స్నేహితులంటే డిజైనర్‌కు ఉన్నది ఒక్కరే. ఆ ఒక్కరూ ఇంట్లోనే ఉన్నారు.

పార్ట్‌నర్ కర్టెన్ల షాపులో కుట్టుపని చేస్తుంది. రెండు గదుల ఫ్లాట్, అద్దె చెరిసగం. ఇంతకు ముందు ఇంకో ఇంట్లో కూడా ఇద్దరూ రెండేళ్లు కలిసే ఉన్నారు. అక్కడ ఉప్పూ నిప్పూ. గిన్నెల మూతల దగ్గర నుంచి తువ్వాళ్లు ఆరేసే తీగ దాకా అన్నిటికీ పేచీయే. ఈ ఫ్లాట్‌లోకి వచ్చాకే 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది, 'పార్ట్‌నర్' అనే పిలుపూ వచ్చింది.

పాత ఇంట్లో మూడో శాల్తీ ఒకటి ఉండేది. తిన్న పళ్లెం తియ్యదు, ఇంటికి కాణీ విదల్చదు. దాంతో వేగలేక ఇద్దరూ ఒకే రోజు చెరో పెట్టెతో బయటపడ్డారు. డిజైనర్ ఇప్పటికీ ఆ శాల్తీని తిట్టిపోస్తూ ఉంటుంది. ఆ మాట వచ్చినప్పుడల్లా పార్ట్‌నర్ ఎందుకో గుడ్డ తీసుకుని కిటికీ అద్దాలు తుడవడం మొదలుపెడుతుంది. అందుకే వాళ్ల కిటికీలకు దుమ్మంటే ఏమిటో తెలియదు.

ఆదివారం పొద్దున టేబుల్ దగ్గర పరీక్ష మొదలైంది.

"నొక్కేటప్పుడు మనసులో ఏమనుకుంటే అది పైకి చెప్పాలి పార్ట్‌నర్. పరీక్ష నీకు కాదు, యాప్‌కి."

"మనసులోది పైకి చెబితే నీ యాప్ తట్టుకుంటుందా తల్లీ?"

పాలు, సబ్బులు, గ్యాస్, ఇంటర్నెట్ అన్నీ ఒక్కొక్కటే నమోదు చేసింది పార్ట్‌నర్. కాఫీ పొడిలో డిజైనర్ వాటా దాటిందని యాప్ ఎర్ర గీత గీసింది. గుర్తుచేయాలా అని అడిగింది.

"ఎవరికి గుర్తుచేయాలి? ఎదురుగానే కూర్చుందిగా."

"ఎదురుగా అడగలేనప్పుడన్నమాట."

"ఎదురుగా అడగలేని మనిషితో ఒకే వంటింట్లో ఎలా తిరుగుతారు?"

"సరే, వద్దనుకుంటే 'కాదు' నొక్కు."

"నొక్కాను. మళ్లీ అడుగుతోంది. మళ్లీ నొక్కాను. రేపు అడుగుతానంటోంది. తల్లీ, నీ యాప్‌కి అప్పులవాడి పోలికలు వచ్చాయి."

డిజైనర్‌కు ఒళ్లు మండింది.

"మరేం చెయ్యమంటావు? లెక్క లెక్కే కదా. ఆ ఇంట్లో లెక్క లేకేగా మనం మునిగింది. ఆ శాల్తీకి చిన్నప్పుడే ఎవరైనా నాలుగు అంటించి నేర్పి ఉంటే..."

పార్ట్‌నర్ లేచి గుడ్డ కోసం చూసింది. రికార్డింగ్ నడుస్తోందని గుర్తొచ్చి కూర్చుంది.

"నేర్పాల్సినవాళ్లు నేర్పలేదు," అంది మెల్లిగా. "కానీ అక్కడ తప్పు అదొక్కటే కాదు. ఎప్పుడూ ఒకరే వదులుకున్నారు. వదులుకుంటున్నారని కూడా ఎవరూ చూడలేదు. నీ దాంట్లో అడిగే బటనుంది, ఇచ్చే బటనుంది. పోనీలే అనే బటనేదీ?"

"అంటే?"

"కాఫీ పొడి ఎక్కువైంది. తెలుసు, రాసుకున్నాను. అయినా పోనీలే. అంతే. కాకపోతే అన్నానని నీకు తెలియాలి. రేపు నీకూ ఒకసారి అనాలనిపిస్తుంది."

డిజైనర్ రికార్డింగ్ ఆపింది. ఎనిమిది నెలలు తను పట్టుకోలేనిది ఈ మనిషి ఒక్క కాఫీ తాగేలోపు పట్టేసిందని సిగ్గేసింది. అంతకు రెట్టింపు సంతోషమూ వేసింది. ఆ తర్వాత నాలుగు రోజులు బొమ్మలు గీస్తూనే ఉంది. ఎర్ర గీత పోయింది. 'పోనీలే' నొక్కితే ఎక్కువైన మొత్తం లేత పసుపులో కరిగిపోతుంది, అవతలివాళ్లకు కబురు వెళుతుంది. నెలంతా ఒకరే నొక్కుతూ ఉంటే మాత్రం యాప్ ఆగి, "ఈ నెల మీరొక్కరే వదులుకుంటున్నారు, కాస్త చూసుకోండి," అంటుంది.

శుక్రవారం సాయంత్రం మేనేజర్ ఫోన్ చేశాడు. డిజైనర్ స్పీకర్ పెట్టింది. పార్ట్‌నర్ చేతిలో ఉన్న సూదీ దారం పక్కన పెట్టి వచ్చి కూర్చుంది.

"రికార్డింగ్ రెండుసార్లు విన్నాను, కొత్త బొమ్మలూ చూశాను. కోర్టు పోయి ఇల్లొచ్చింది. ఫీచర్ మీ దగ్గరే ఉంటుంది. వచ్చే నెల విడుదల."

డిజైనర్ కళ్లలో నీళ్లు నిండాయి. పక్కనున్న చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఒక్క అనుమానం," అన్నాడు మేనేజర్. "ఆ మాట్లాడినావిడ నిజంగా మీ స్నేహితురాలేనా, అద్దెకు తెచ్చారా? ఇంత చనువుగా వాయించే స్నేహితులు నాకైతే లేరు. ఎప్పటి నుంచి మీ స్నేహం?"

డిజైనర్ జవాబు చెప్పేలోపే పార్ట్‌నర్ ఫోన్ దగ్గరికి వంగింది.

"మా అబ్బాయికి తను విడాకులిచ్చిన రోజు నుంచండీ."