ముట్టని కాజా

పెళ్లికొడుకు కాజా ముట్టలేదు.

వచ్చి అరగంటయింది. బుచ్చిరెడ్డిపాలెంలో పెళ్లిచూపులకొచ్చి పళ్లెం ముట్టలేదంటే పిల్ల నచ్చలేదనే. పోనీ నచ్చలేదా అంటే, వినీల నోరు విప్పకుండా తలూపి లోపలికెళ్లిపోయినా, ఇతగాడు ఆ తలుపు వైపే చూస్తున్నాడు. మరేం రోగం? పిల్ల మేనమామ హరినాథ్‌కు అక్కడే తేడా కొట్టింది.

కాఫీ వద్దన్నాడు. చన్నీళ్లు మాత్రం రెండు గ్లాసులు తాగాడు. పేరడిగితే పెంచలప్రసాద్ అన్నాడు గానీ మాట ముద్దముద్దగా వచ్చింది. మాట్లాడినంతసేపూ నోటికి చెయ్యి అడ్డం. దగ్గరికి జరిగితే గుప్పున పుదీనా వాసన. పైగా ఎవరూ చూడట్లేదనుకుని ఒక మాత్ర మింగాడు.

పట్టపగలే తాగొచ్చాడా? ఏం ఖర్మ!

హరినాథ్ చొక్కా జేబు ఓసారి తడుముకున్నాడు. తండ్రి లేని పిల్ల. భారమంతా తనదే. ఇంతకుముందు రెండు సంబంధాల వాళ్లు చూసిపోయి మళ్లీ కబురు పెట్టలేదు. ఇదైనా కుదరాలి. అలాగని తాగుబోతు చేతిలో పెడతాడా?

వంటింట్లోకి వెళ్తే చెల్లెలు ప్రమీలమ్మ గుసగుసగా అంది.

"ఎంతసేపన్నా? పిల్ల రెండు రోజుల్నించీ జావ తప్ప ముట్టలా. ఇంకెప్పుడు పోతారని సతాయిస్తా ఉండాది."

"ఇంకో పది నిమిషాలు ఓర్చుకోమను. ఈ పిలగాడి సంగతేందో చూసొస్తా."

హాల్లోకొచ్చి సూటిగానే అడిగాడు.

"ఏం బాబూ, ఒక్క ముక్కన్నా నోట్లో ఏసుకోకపోతే ఎట్లా? మమ్మల్ని చిన్నబుచ్చినట్టు కాదా?"

పెంచలప్రసాద్ మొహం మాడిపోయింది. పక్కనే కూర్చున్న వాళ్లమ్మ వైపు చూశాడు.

"ఒక్క నిమిషం అంకుల్. చేతులు కడుక్కొస్తా" అని పెరట్లోకి నడిచాడు.

చేతులు కడుక్కునేవాడు గోడ వైపు తిరగడమెందుకు? హరినాథ్ చప్పుడు చేయకుండా వెనకే వెళ్లాడు. ఒక చేతిలో నీలిరంగు డబ్బా. రెండో చెయ్యి నోట్లో.

"ఏందది? చూపీ!"

కుర్రాడు అదిరిపడ్డాడు. అరచేతిలో గాజులా మెరుస్తూ రెండు తొడుగులు.

"పళ్లు వరసకు తెచ్చేవి అంకుల్. నిన్ననే కొత్త జత మార్చినారు. రెండు మూడు రోజులు దవడలు పీకేస్తాయి, అందుకే మాత్ర. ఇవి పెట్టుకొని ఉంటే నీళ్లు తప్ప ఏమీ ముట్టకూడదు. పళ్లు వంకరని తెలిస్తే మీరు వద్దంటారని మా అమ్మే దాచమనింది."

ఇంత దాచిపెట్టి పిల్లనడగడానికి వస్తారా అన్న మాట హరినాథ్ నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

చొక్కా జేబులోంచి అచ్చం అలాంటిదే గులాబీరంగు డబ్బా తీసి, ఇంట్లోకి కేకేశాడు: "వినీలా, ఇంక ఓర్చుకోవద్దులేమ్మా, వచ్చి నీ తొడుగులు పెట్టుకో!"