ఇంటాయన

“పాడుబడ్డ కొంపకి తలుపు తట్టడమేమిటే?” అన్నాడు భార్యతో పడవలో దీవి చూడ్డానికి వచ్చిన దర్జీ. ఆనకట్ట కట్టినప్పుడు చుట్టూ నీళ్లు నిండి ఆ గుట్ట దీవి అయింది. అక్కడి జనం ఏనాడో వెళ్లిపోయారు.

“పరాయి ఇల్లు కదండీ,” అంది భార్య.

“ఎవరూ?” అని లోపలినుంచి వినిపించింది.

తలుపు తీసినాయన బట్టలు నలిగి ఉన్నాయి. “చెప్పులు బయట విడవండి, ఇప్పుడే ఊడ్చాను,” అన్నాడు. లోపల పైకప్పు లేదు.

దర్జీ చెప్పులు విడుస్తూ, “మీరు ఇక్కడే ఉంటారా?” అని అడిగాడు.

“దీవి చూసిపోదామని నిన్న వచ్చాను. పడవ కొట్టుకుపోయింది.”

“అయితే మాతో వచ్చెయ్యండి. గాలి పెరుగుతోంది.”

“వస్తాను. ముందు కాస్త కూర్చోండి.” ఆయన రెండు రాళ్లు చేత్తో తుడిచాడు. “నేను ఇల్లరికపు అల్లుణ్ణి. పెళ్లయినప్పటినుంచీ ఎవరినీ కూర్చోమనే అధికారం నాకు లేదు.”

ఇతనికి పిచ్చేమో అనుకుంటున్న దర్జీ ఆ మాటతో మెత్తబడ్డాడు. భార్య అప్పటికే కూర్చుంది. అతనూ కూర్చుని నాలుగు వైపులా చూశాడు.

“ఇల్లు బాగుందండీ. గాలీ వెలుతురూ ధారాళంగా వస్తున్నాయి.”

“తూర్పు గోడ పడిపోయాక ఇంకా బాగుంది,” అన్నాడు ఇంటాయన, కాలుమీద కాలు వేసుకుని.