ఒక్కరే దిగే స్టాపు

“ఆ స్టాపు ఎత్తెయ్. ఇంకెన్నిసార్లు చెప్పాలి?” అంది మేడమ్, గోడ మీది బస్సు మ్యాపులో నీళ్ళ ట్యాంకు దగ్గరున్న చుక్కని పెన్సిల్‌తో పొడుస్తూ.

“ఒకరు దిగుతున్నారు మేడమ్,” అంది విద్యార్థిని.

“ఒక్క మనిషి కోసం బస్సు అంత చుట్టు తిరగాలా?”

పట్టణ ప్రణాళిక, సమాచార నిర్వహణ - రెండు పీజీలూ కలిపి చదువుతోందని ఆ అమ్మాయికి క్లాసులో ‘రెండు పడవలు’ అని పేరు పెట్టారు. ఇప్పుడు రెండు పడవలూ ఈ స్టాపు దగ్గరే ఇరుక్కున్నాయి. బస్సు రూట్లు సరిచేసే ఈ ప్రాజెక్టు, మేడమ్ ఒప్పుకోకపోతే లేదు. ప్రాజెక్టు లేకపోతే ఏ డిగ్రీ లేదు. అయినా పిల్ల మొండిది.

“బస్సు కార్డుల డేటా అంతా చూశాను. ఒకే కార్డు. సాయంత్రం దిగి, తర్వాతి బస్సుకి వెళ్ళిపోతారు. గురువారాలు మాత్రం రారు.”

“ఎవరో కనుక్కున్నావా?”

“అయ్యో, లేదు. మనిషి జోలికి వెళ్ళకూడదని డేటా సార్ చెప్పారు. చోటు చూడకుండా గీత గియ్యొద్దని మీరు చెప్పారు. అందుకే నిన్న గురువారం, మీ సాయంత్రం క్లాసు ఎగ్గొట్టి వెళ్ళాను. ఆ మనిషి ఎదురుపడరని.”

“ఏముందక్కడ?”

“ఎదురుగా ఒక మేడ, అంతే. పై గదిలో ఓ పిల్ల వయొలిన్ నేర్చుకుంటోంది. చెవులు చిల్లులు పడ్డాయనుకోండి!”

మేడమ్ నవ్వలేదు.

“అది వినడానికే వస్తారేమో మేడమ్. గేటు తట్టే హక్కు లేనివాళ్ళెవరో.”

“అయితే మరీ మంచిది. స్టాపు లేకపోతే అలవాటు పోతుంది. నాలుగు రోజులు ఏడ్చి ఊరుకుంటారు.”

“ఆ బాధ మీకేం తెలుసు మేడమ్?” అనేసి అమ్మాయి నాలిక కరుచుకుంది.

మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అద్దాలు శుభ్రపడ్డాక కూడా తుడుస్తూనే ఉంది.

“నీతో వేగలేను. ఉంచుకో.”

“నిజంగానా? థాంక్యూ మేడమ్!” అమ్మాయి కాగితాలు చంకన పెట్టుకుని మెట్లు దిగిన చప్పుడు వరండా అంతా వినిపించింది.

మేడమ్ మ్యాపు ముందు నిలబడిపోయింది. ఆ చుక్కని తనే తుడిచెయ్యాలని ఎన్నిసార్లు అనుకుందో! చేతులు రాలేదు. ఇంకొకరి చేత చెరిపిద్దామంటే, ఆ పిల్ల వినలేదు.

ఆ సాయంత్రం కూడా, కన్నకూతురి ఇంటి ఎదురుగా మేడమ్ ఒక్కతే దిగింది.