నల్లరేగడికి టైర్లు

తమ్ముణ్ణి పట్టుకుని చంపాలంటే పికప్ బండికి కొత్త టైర్లు కావాలి. అందుకే గోపాలకృష్ణ చిలకలూరిపేట వచ్చాడు. భార్య సాయిలక్ష్మి కూడా వచ్చింది. రమ్మని అతను అనలేదు. తానే వస్తానంది.

అతని ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవు. మిరప చేలో బోరు నీళ్ళ వంతు దగ్గర మాటా మాటా పెరిగి, తమ్ముడు కోటేష్ పారతో కొట్టాడు. ముందు గునపం ఎత్తింది ఎవరో ఊళ్ళో ఎవరూ పైకి అనరు. గోపాలకృష్ణ కేసు పెట్టలేదు. జైల్లో పడితే చేతికి దొరకడని. చీరాల రైల్వే స్టేషన్లో, చుట్టుపక్కల బస్టాండుల్లో మనుషుల్ని పెట్టాడు. కోటేష్ ఎటూ పోలేదు. ఈ చేలల్లోనే ఎక్కడో ఉన్నాడు.

కిందటి వారం కనపడ్డాడు కూడా. వాన వెలిసిన పత్తి చేలో. గోపాలకృష్ణ బండి దిగకుండా నేరుగా మీదికే తోలాడు. చక్రాలు నల్లరేగడిలో ఇరుసుదాకా దిగబడ్డాయి. కోటేష్ వెనక్కి చూసుకుంటూ, బురదలో కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళిపోయాడు. మర్నాడే గోపాలకృష్ణ బండిని గుంటూరు తీసుకెళ్ళి జానెడు ఎత్తు లేపించాడు. ఇక టైర్లే మిగిలాయి.

షాపు యజమాని ఖాదర్ వలి రెండు రకాల టైర్లు దొర్లించుకొచ్చి నిలబెట్టాడు.

"ఇది రోడ్డుకీ చేనుకీ రెంటికీ పనికొస్తుందన్నా. మెత్తగా పోద్ది. అదేమో అచ్చంగా బురద టైరు. ముందే చెప్తున్నా, డీజిల్ తాగుద్ది. తడి తారు మీద బ్రేకేస్తే జారుద్ది. రోడ్డు మీద గోల. పొలంలో మాత్రం దాన్ని ఆపేది లేదు."

గోపాలకృష్ణ మొదటిదాని మీద కాలు పెట్టాడు. "ఇదే వెయ్యి. రోజూ తిరిగే బండి."

సాయిలక్ష్మి వంగి ఆ టైరు సందులో వేలు పెట్టి చూసింది. వేలు సగం కూడా దిగలేదు.

"ఇందులో రేగడి పడిందంటే పెనానికి మాడిన అట్టులా అతుక్కుంటుంది. గీకినా రాదు. ఆ రోజులాగే మళ్ళీ దిగబడతారు" అంది. "దాని దిమ్మలు చూడండి, ఎంతెంత ఎడంగా ఉన్నాయో. మట్టిని పట్టుకోదు, విసిరేస్తుంది."

"గోల చేస్తుందంటన్నాడుగా."

"చెయ్యనివ్వండి. మీరేమన్నా దొంగతనానికి పోతున్నారా?"

గోపాలకృష్ణ నవ్వాడు. వేళ్ళు తెగాక అతను నవ్వడం అదే మొదలు.

"విన్నావా వలీ. మా అమ్మ పోయాక వాణ్ణి పెంచింది ఇదే. ఇప్పుడు నాకంటే దీనికే ఎక్కువ మండుతోంది."

ఖాదర్ వలి ఆవిడ ముఖం వంక చూసి, జాకీ తెచ్చుకున్నాడు.

బురద టైర్లు చెప్పినట్టే పనిచేశాయి. గోపాలకృష్ణ గట్లు ఎక్కించాడు. కాలవల్లోకి దింపి అవతలికి తేల్చాడు. పర్చూరు దగ్గర తీతకొచ్చిన పత్తి చేలో కోటేష్ దాక్కున్నాడని ఎవరో అంటే, ఈ చివర నుంచి ఆ చివరిదాకా తొక్కించుకుంటూ పోయాడు. లేడు. చేను ఆసామి చేతులు చాపి అడ్డం వస్తే బంపరుతో నెట్టాడు. ముసలాయన తుంటి విరిగింది.

వాడరేవులో వెనక నుంచి చూసి కోటేషే అనుకుని ఒకణ్ణి రాడ్డుతో దవడ మీద కొట్టాడు. పడ్డాక తిప్పి ముఖం చూశాడు. వేరేవాడు.

పొగాకు ఆరబెట్టే బ్యారన్ కాపలాదారు పానకాలును తాడేసి బండి వెనక కట్టాడు.

"ఏడిరా వాడు?"

"నాకు తెలవదయ్యా. నా బిడ్డల మీద ఒట్టు."

"బాగా ఆలోచించుకో" అని, మూడు వేళ్ళ చేత్తో గేరు వేశాడు. చేను చివరిదాకా ఈడ్చాడు. తాడు విప్పేసరికి పానకాలు నోటినిండా మట్టి, నెత్తురు. మాట లేదు.

ఏ రోజుకారోజు ఇంటికొచ్చి చొక్కా విప్పి పడేసేవాడు. సాయిలక్ష్మి దాన్ని చన్నీళ్ళలో నానబెట్టేది. వేడినీళ్ళు పోస్తే నెత్తుటి మరక పట్టేస్తుంది.

"ఎవరో వాడికి ముందే చెప్పేస్తున్నారే" అన్నాడు ఒకరోజు, చేతికున్న కట్టు బిగించుకుంటూ. "వాడి సంగతి తర్వాత. ఆ చెప్పేవాళ్ళు ఎవరో తెలియనీ, ముందు వాళ్ళ గొంతు కోస్తా. మగాళ్ళైనా సరే, ఆడాళ్ళైనా సరే."

"ఇవాళ ఎటు వెళ్తారు?" అంది సాయిలక్ష్మి.

"ఇంకొల్లు అడ్డరోడ్డు దాకా. పొద్దుగూకిందాకా రాను."

సీటు కింద కత్తి పెట్టుకుని వెళ్ళాడు.

ఇంకొల్లు వైపు వాన దంచికొట్టింది. ముందున్న మనుషులే కనపడడం లేదు. గోపాలకృష్ణ తిట్టుకుంటూ, ఇంకా వెలుతురుండగానే బండి వెనక్కి తిప్పాడు.

ఊరి బయట తారురోడ్డు మీద టైర్ల హోరు మొదలైంది. ముందు తుమ్మెద రొదలా, తర్వాత మిల్లు తిరుగుతున్నట్టు. పక్కింటి వాళ్ళ కుక్క చెవులు నిక్కించి లేచి నిలబడింది.

సాయిలక్ష్మి పోయబోతున్న మజ్జిగ గిన్నె కింద పెట్టి, "బండి కల్వర్టు దగ్గరికొచ్చింది, చెయ్యి కడుక్కుని పెరటి గోడ దూకెయ్ కోటేషూ" అంది.